వెలగని లైటు

"ఖాళీ బిల్లుల మీద సంతకాలెందుకు మేస్త్రీ?" పెద్దాయన అడిగాడు.

మెకానిక్ షాపు మేస్త్రి తలెత్తకుండా కాగితాలు తిప్పుతూ గీకేస్తున్నాడు. "చేతికి గ్రీజు అంటాక పెడితే బిల్లు మసిగుడ్డలా ఉంటుందండీ. పొద్దున్నే ఒక పుస్తకం కానిచ్చేస్తే, నేను బయటికి పోయినా మా బావమరిది రాసి ఇచ్చుకుంటాడు."

"ఏం రాశాడో చూడకుండానే?"

"పెళ్లాన్ని నమ్మినవాణ్ని, ఆమె తమ్ముణ్ని నమ్మనా? నమ్మకాన్ని మించిన పెట్టుబడి లేదండీ."

పెద్దాయన నవ్వలేదు. ట్రాలీ మీంచి దించిన బండిని చూపించాడు. పక్కన గీరుకుపోయిందే గానీ పెద్ద దెబ్బలేం లేవు. దెబ్బంతా నడిపిన కూతురికే తగిలింది. వానలో బ్రేకు వేస్తే ముందు చక్రం బిగుసుకుపోయి జారిందట. కాలికి రాడ్డు వేశారు.

"నడపడం రాక పడిందన్నారు అందరూ. నేనూ అన్నాను. ఆ రోజు నుంచి అది నా మొహం చూడటం లేదు. తప్పు దానిదో, బండిదో తేల్చి రాసివ్వాలి మీరు."

"ఏబీఎస్ ఉన్న బండి అలా బిగుసుకోదే." మేస్త్రి తాళం తిప్పాడు. కళ్లు చిట్లించాడు. "తిప్పగానే ఇక్కడ ఏబీఎస్ లైటు వెలగాలి, కదిలాక ఆరాలి. ఇది అసలు వెలగనే లేదు."

స్కానర్ తగిలిస్తే ముందు చక్రం సెన్సర్ పోయిందని చూపించింది. బోల్టు విప్పి లాగాడు. తీగ చివర పచ్చగా చిలుం పట్టి ఉంది.

"చక్రం ఎంత వేగంగా తిరుగుతోందో చెప్పేది ఇదే. ఇది మూగబోతే ఏబీఎస్ నిద్రపోయినట్టే. ఈ చిలుం నెలల నాటిది. అమ్మాయి తప్పేం లేదండీ."

పెద్దాయన వంగి ఆ చిలుం చూశాడు. "మరి లైటు?" అన్నాడు.

మేస్త్రి మీటరు విప్పాడు. లైటు మీద గోరంత నల్ల టేపు ముక్క, కొలిచి కోసినట్టు అంటించి ఉంది.

ముప్పై ఏళ్లలో మేస్త్రి ఎన్ని నకిలీ పనులు చూశాడో లెక్కలేదు. ఇలాంటిది మాత్రం చూడలేదు.

"టీ చెప్పొస్తా బావా," అంటూ మూల పని చేసుకుంటున్న బావమరిది బయటికి నడిచాడు.

"పోయిన నెల లైటు ఆరడం లేదని అమ్మాయి ఎక్కడో బాగు చేయించిందట," అన్నాడు పెద్దాయన.

"బాగు చేయడమా! సెన్సర్ మార్చకుండా లైటు నోరు నొక్కాడు. వాడు మెకానిక్ కాదండీ, యముడి కమీషన్ ఏజెంటు. షాపు మూయించాలి."

"అదీ రాయండి."

మేస్త్రి కొత్త సెన్సర్ బిగించి, తీగను బ్రేకు పైపు వెంట క్లిప్పుల్లో నొక్కి, వీధిలో ఒక చుట్టు తిప్పుకొచ్చాడు. లైటు వెలిగి, బుద్ధిగా ఆరింది. పాత సెన్సర్‌నీ టేపునీ కవర్లో వేసిచ్చాడు. చేతులు కడుక్కుని అంతా రాసి, చదివి వినిపించి మరీ సంతకం పెట్టాడు.

పెద్దాయన ఆ కాగితాన్ని బల్ల మీద పరిచాడు. జేబులోంచి నాలుగు మడతల పాత బిల్లు తీసి దాని పక్కన పెట్టాడు. 'ముందు సెన్సర్ కొత్తది వేయడమైనది' అని ఉంది అందులో.

రెండింటి కిందా సంతకం ఒక్కటే.