రాంగ్ నంబరు మామ్మ

"మేడమ్, మీ మామ్మ లైన్లో ఉంది," అన్నాడు పక్క సీటతను నవ్వాపుకుంటూ.

ఆమెకు నవ్వు రాలేదు.

ఆసుపత్రి డేటాబేస్ బాధ్యత ఆమెది. రెండు లక్షల మంది రోగుల పేర్లు, జబ్బులు, చిరునామాలు ఆమె కాపలాలో ఉన్నాయి. అందులో ఒక చిరునామా సొంత చెల్లెలిది.

మొగుడి దెబ్బలకు తాళలేక రెండు నెలల క్రితం ఇల్లు విడిచి వచ్చేసింది చెల్లెలు. ఎక్కడుంటోందో అక్కకు తప్ప చుట్టాల్లో ఒక్కరికీ తెలియదు. ఆయాసం మందులు నెలనెలా ఇంటికి పంపాలి కాబట్టి ఆసుపత్రి రికార్డులో మాత్రం రాయక తప్పలేదు.

నిన్న సాయంత్రం ఆ చెల్లెలు ఫోన్ చేసింది.

"ఆయన మా వీధి చివర నిలబడున్నాడక్కా. ఎవరు చెప్పుంటారు?"

"తలుపు తీయకు. రేపు ఆడిట్ అవగానే వచ్చి నిన్ను ఇంకో చోటికి మారుస్తా," అంది అక్క. పోలీసులకు కూడా చెప్పింది. వీధిలో నిలబడితే కేసేమిటమ్మా అన్నారు వాళ్ళు.

పొద్దున్నే ఆఫీసుకొచ్చి లాగ్ మొత్తం తిరగేసింది. ఏ రికార్డును ఎవరు తెరిచారో అందులో పడుతుంది. చెల్లెలి రికార్డును ఆమె తప్ప ఇంకెవరూ తెరవలేదు. మరి వాడికెలా తెలిసింది?

ఫోన్ ఎత్తింది.

"అమ్మాయ్, ఇవాళ కూడా ఒకతను చేశాడమ్మా," అంది అవతలినుంచి మామ్మ. "నాది కాని పేరు పెట్టి పిలిచాడు. మీ మందులు అయిపోయుంటాయి, మా దగ్గర తీసుకోండి అన్నాడు. మా అబ్బాయి ఏం చెప్పాడంటే..."

"రాంగ్ నంబరై ఉంటుంది మామ్మగారూ. దానికి మేమేం చేస్తాం?"

"అది కాదమ్మా, మా అబ్బాయి..."

"ఆ అబ్బాయినే చూసుకోమనండి. మాకిక్కడ ఊపిరాడట్లేదు."

పెట్టేసింది. మూడు వారాల్లో ఇది తొమ్మిదో ఫోను.

"ఆవిడ మిమ్మల్ని దత్తత తీసుకున్నట్టుంది," అన్నాడు పక్క సీటతను.

పది గంటలకు ఆడిటర్ వచ్చాడు. గొంతు పెంచని మనిషి. అలాంటివాళ్ళంటేనే ఆమెకు ఎక్కువ భయం.

"లాగ్ శుభ్రంగా ఉంది," అన్నాడు గంట తర్వాత.

ఆమె ఊపిరి పీల్చుకుంది.

"డేటాబేస్ నకళ్ళుండే బ్యాకప్ డిస్కుల్లో మాత్రం ఒకటి తక్కువుంది. పోయి నాలుగు వారాలైనట్టుంది."

ఆమె మళ్ళీ లాగ్ కేసి చూసింది.

"డిస్కు ఇంటికి పట్టుకెళ్ళి తెరిచేవాడు మీ లాగ్‌లో పడడు మేడమ్. అందులో ఉన్న జాబితా ఎవరడిగితే వాళ్ళకి అమ్ముకుంటాడు."

"అలా బయటికి పోతే మనకి తెలిసే దారే లేదా?"

"మీకు ముందు ఈ సీట్లో ఉన్నాయన దానికో ఏర్పాటు చేశారు కదా. సీలు వేసిన కవరు. అప్పగింతల కాగితంలో 'తెరిచి చదివాను' అని ఉంది. కింద సంతకం మీదే."

సంతకం ఆమెదే. ముందున్నాయన జబ్బు చేసి, బీరువాలో ఆ కవరు పెట్టి సెలవులో వెళ్ళాడు. తర్వాత పోయాడని కబురొచ్చింది. తను చేరిన రోజున నలభై కాగితాల మీద గబగబా సంతకాలు చేసింది. ఒక్కటీ చదివిన పాపాన పోలేదు.

బీరువా దగ్గరికి నడుస్తుండగా సెల్ మోగింది. చెల్లెలి ఇంటి ఓనరమ్మ.

"తలుపు పగలగొట్టి లోపలికొచ్చాడమ్మా. మేం వెళ్ళేసరికే... మీ ఆసుపత్రికే తీసుకొచ్చాం. తొందరగా కిందికి రా."

ఆమె తాళంచెవి ఆడిటర్ చేతిలో పడేసి మూడంతస్తులూ మెట్లమీదే పరుగెత్తింది.

క్యాజువాలిటీ తలుపులు అప్పటికే మూసేశారు. అద్దంలోంచి చెల్లెలి పాదం ఒక్కటే కనబడింది. అది కదలడం లేదు.

"ఇప్పుడే ఏం చెప్పలేం," అంది నర్సు.

ఆమె గోడకు చేరబడింది. ఇంత భయం జన్మలో ఎరగదు.

కాసేపటికి ఆడిటర్ వెతుక్కుంటూ వచ్చాడు. చేతిలో తెరిచిన కవరు ఉంది. ఆమె వాలకం చూసి వెనక్కి తిరగబోయాడు.

"చెప్పండి," అందామె.

"ఆయన మన జాబితాలో ఒక ఉత్తుత్తి పేషెంటుని చేర్చారు. అలాంటావిడ ఎక్కడా లేదు. పేరు కల్పితం, ఫోన్ నంబరు మాత్రం నిజం. ఆ రెండూ కలిసి మన డేటాబేస్‌లో తప్ప ఇంకెక్కడా ఉండవు. ఎవరైనా ఆ నంబరుకి చేసి ఆ పేరుతో పిలిచారంటే, జాబితా దొంగల చేతిలో పడ్డట్టే."

ఆమె కాగితం అందుకుంది.

నంబరు చూడగానే గుర్తుపట్టింది. తొమ్మిదిసార్లు తన బల్లమీది ఫోన్లో వెలిగిన అంకెలే అవి. మూడు వారాల క్రితం మొదటిసారే వినుంటే, చెల్లెలిని ఆ రోజే ఇంకో ఇంటికి మార్చి ఉండేది.

నంబరు కింద వణికే చేతిరాతలో ఒక్క వాక్యం ఉంది.

"ఇది మా అమ్మ నంబరు, నేనున్నా లేకపోయినా తను ఈ కాపలా మానననీ, ఎవరైనా ఆ పేరుతో పిలిస్తే మీకు చెబుతాననీ మాటిచ్చింది, ఆమె ఫోన్ చేసినప్పుడు దయచేసి పెట్టేయకుండా పూర్తిగా వినండి."