మా కోడ్

“నీ ఏజెంట్లు ఏమంటాండారు?” గుమ్మంలోంచే అడిగాడు నరసింహయ్య. పొద్దుటి నుంచి అదే ప్రశ్న.

“ఇంకా చూస్తాండాయి నాయనా. అవి మనుషులు కాదు, కంప్యూటర్లో పనిచేసేటివి.”

“ఏవైతే ఏంది! పెండ్లిచూపులకు వచ్చేటోళ్ళు ముద్దనూరు దాటినారంట. వచ్చేలోగా నువ్వు ఔననో కాదనో తేల్చాల.”

తేల్చుకోవాలనే సుకన్యకూ ఉంది. కుర్చీలో కూర్చుంటే లేవాలనిపిస్తోంది, లేస్తే మళ్ళీ తెర చూడాలనిపిస్తోంది.

ప్రొద్దుటూరులో ఇంట్లోనే కూర్చుని కంపెనీల సాఫ్ట్‌వేర్‌కు ఆరోగ్య పరీక్ష చేయడం ఆమె ఉద్యోగం. ఏఐ ఏజెంట్లను కోడ్ మీదికి వదిలితే ఒకటి భద్రత చూస్తుంది, ఒకటి చెత్త ఏరుతుంది, ఇంకొకటి ఎవరు ఎప్పుడు ఏం మార్చారో చరిత్రంతా తవ్వుతుంది. పులివెందుల సంబంధం వచ్చినప్పుడు ఆమె జాతకం అడగలేదు. పెళ్ళికొడుకు శరత్ చంద్ర వాళ్ళది మందుల అంగడి. అక్కడ వాడే సాఫ్ట్‌వేర్ సొంతంగా రాసుకున్నదే, దాన్నే చుట్టుపక్కల అంగళ్ళకూ ఇస్తారట. ‘మీ కోడ్ పంపండి, చూస్తాను’ అని నేరుగా అతనికే మెసేజ్ పెట్టింది. మనిషి మాటల్లో ఎంతైనా నటించొచ్చు గానీ కోడ్‌లో కుదరదని ఆమె నమ్మకం.

‘మా కోడ్ పంపుతున్నాను’ అని జవాబొచ్చింది.

“మా అంటాడేంది? ఒక్కడే గదా?” అన్నాడు అప్పుడు నరసింహయ్య.

“మా ఇల్లు, మా బండి అనమా? అట్లనే.”

వంటింట్లోంచి అక్క గౌరి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. “కోడ్ సంగతి సరే, అత్త సంగతి కనుక్కున్యావా? సుధారాణమ్మకు శానా నోరంట. కొడుకు అంగళ్ళెంబడి తిరుగుతాంటే ఆయమ్మ మధ్యాహ్నమంతా కౌంటర్లో కంప్యూటర్ ముందర కూర్చోనుంటాదంట. సీరియళ్ళు చూస్తాందేమో!”

సుకన్య అక్క వైపు చూసింది. గౌరిని జమ్మలమడుగులో ఇచ్చారు. అక్కడ అత్త అనుమతి లేకుండా కుక్కర్ కూడా కూత వేయదు. గౌరి చేత టీచర్ ఉద్యోగం మాన్పించింది కూడా ఆ అత్తే. పండగకు వచ్చినా, పబ్బానికి వచ్చినా అక్క ముఖంలో నవ్వు కనబడదు. ఆ బతుకు తనకొద్దని సుకన్య ఎప్పుడో ఒట్టు పెట్టుకుంది.

ల్యాప్‌టాప్ టింగుమంది.

“భద్రత బాగుందంట నాయనా. రహస్యాలేవీ బయట పడిలేవు.”

“రహస్యాలుండాయా!”

“పాస్‌వర్డ్‌ల గురించి నాయనా.”

మళ్ళీ టింగుమంది. “పాత బ్రాంచీలు శానా ఉండాయి, తీసేయమంటాంది.”

బట్టలంగడి నరసింహయ్య కళ్ళు మెరిశాయి. “బ్రాంచీలా! ఏయే ఊర్లల్లో? నడుపుకోక తీసేసేదేంది?”

“అంగళ్ళు కాదు నాయనా, కోడ్‌కు పక్కన తీసిపెట్టుకునే నకళ్ళు.”

గౌరి ఫక్కున నవ్వింది. అక్క నవ్వు వినేసరికి సుకన్యకు ఏడుపొచ్చినంత పనయింది. ముఖం తెర వైపు తిప్పుకుంది.

చరిత్ర తవ్వే ఏజెంట్ ఆఖరున నోరు విప్పింది. కోడ్ అంతా ఒక్క చేతి రాతే. రాసినవారి పేరు దగ్గర ‘ఎస్’ అని మాత్రమే ఉంది. పనంతా మధ్యాహ్నం పూటే జరిగింది. మధ్యమధ్య తెలుగులో ఏవో వ్యాఖ్యలున్నాయి, కొన్ని బెదిరింపుల్లా ఉన్నాయి, మనిషి చదివి నిర్ణయిస్తే మంచిది.

సుకన్య తెరిచి చదివింది.

‘ఈడ చెయ్యి పెట్టాకు. పెట్టినావా, నువ్వే బాగు చేయాల.’

‘ముసలోళ్ళు చదివేది ఇది. అచ్చరాలు పెద్దగుండాల.’

‘ఎంతసేపు కూర్చుంటావు? లేసి రోంత నీళ్ళు తాగిరా.’

సుకన్య నిజంగానే లేచి వెళ్ళి నీళ్ళు తాగొచ్చింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఏ కోడూ ఆమె దాహం సంగతి అడగలేదు. కసురుతూనే ఇంతగా కనిపెట్టుకునే మనిషిని వదులుకోకూడదనిపించింది.

“నాకిష్టమే నాయనా. కానీ అత్తతో కలిసుండను. ఆ మాట నేనే అతనికి చెప్తా.”

“ఈ సంబంధం వద్దని వాళ్ళు పోతే?”

“పోనీ” అంది గానీ, పోతారేమోనని దిగులు పట్టుకుంది.

కారు వచ్చింది. సుధారాణి గడపలో అడుగు పెడుతూనే, “చెప్పులిట్ల దారికి అడ్డంగా ఇడిసినారేందప్పా? ఎవరన్నా తగులుకొని పడరా?” అంటూ అన్నిటినీ ఒక పక్కకు సర్దింది. చూసినావా అన్నట్టు గౌరి చెల్లెలి వైపు కళ్ళెగరేసింది.

కాఫీలయ్యాక పెద్దవాళ్ళు ఇద్దరినీ మాట్లాడుకోమని మేడ మీదికి పంపారు. సుకన్యకు కాలు ఒకచోట నిలవలేదు. పిట్టగోడ దాకా పోయి వెనక్కి వచ్చింది.

“కోడ్ చూసినాను” అంది. “దాచేదేముంది, ఆ ఎస్ అనే మనిషితో బతుకంతా ఉండమన్నా ఉంటాను.”

శరత్ చంద్ర ముఖం వెలిగిపోయింది. “నిజంగానా?”

“నిజంగానే. ఒకటే షరతు. మీ అమ్మతో కలిసి ఉండలేను. మనం వేరే ఇల్లు తీసుకోవాల.”

అతని ముఖం వాడిపోయింది. అంతలో కింది నుంచి సుధారాణి గొంతు ఖంగుమంది. “పైన ఎండగా ఉంటాది, పిల్లోళ్ళకు రోంత నీళ్ళు పంపీండప్పా!”

సుకన్య చటుక్కున మెట్ల వైపు చూసింది.

“మీరు ‘మీ కోడ్’ అంటిరి, ఇంట్లో ఉండేది పంపిస్తిని” అన్నాడు శరత్ చంద్ర నేల చూపులు చూస్తూ. “ఆ రెండూ ఒకేసారి కుదరవండీ.”

“ఎందుకు?”

“ఎస్ అంటే సుధారాణి.”