రాసినాయన గొంతు

ఏడో తరగతికి పిచ్చుకల మీద ఒక వ్యాసం చదివి వినిపించాను. "ఇది కథ కాదు, కళ్ళతో చూసి రాసింది. రాసినాయన ఏ గొంతుతో చెబుతున్నాడో ఒక్క మాటలో రాయండి," అన్నాను.

కాగితాలు ఎత్తి చూపించారు. అందరూ కూడబలుక్కున్నట్టు "కోపం" అని రాశారు.

నాకు ఒళ్ళు మండింది. "బుర్రలు ఇంట్లో పెట్టి వచ్చారా? పిచ్చుక గూడు కట్టుకుందని కిటికీ మూయడమే మానేసిన మనిషికి వాటి మీద కోపమా?"

ముందు బెంచీ పిల్ల మెల్లగా లేచింది. "చదివింది మీరు కదా టీచర్."

వ్యాసం ఆ పిల్ల చేతికే ఇచ్చి చదవమన్నాను. అవే మాటలు. వింటున్నకొద్దీ తరగతిలో ఒక్కో మొహం విచ్చుకుంది. "ఇష్టం టీచర్! బోలెడంత ఇష్టం!" అని అరిచారు. నేను సుద్దముక్క వెతుక్కుంటున్నట్టు బల్ల సొరుగులోకి తల దూర్చాను.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి మా అమ్మాయి లోపలి గదిలో చదువుకుంటోంది. రోజూ అయితే గుమ్మంలోంచే కేకేస్తాను. ఇవాళ చెప్పులు విప్పి, గొంతు సవరించుకుని, దారంతా మనసులో అనుకుంటూ వచ్చిన మాట మెల్లగా అన్నాను.

"రా తల్లీ, ఇద్దరం కలిసి తిందాం."

లోపల కుర్చీ పడిన చప్పుడైంది. పరిగెత్తుకొచ్చి నా మొహంలోకి చూసింది. అప్పటికే దాని కళ్ళలో నీళ్ళు.

"ఎవరు పోయారమ్మా?"