కేజీ నూటయాభై గ్రాములు

ఎల్లాజీ దగ్గర ఉన్నది ఒక్కటే లాప్‌టాప్. మూడు నెలల్లో దాన్నే నలుగురికి అమ్మాడు, ఆఖరుసారి జాలరిపేటలో.

కిటుకంతా సంచుల్లో ఉంది. ప్రతి బేరానికీ ఒకేరకం నల్ల సంచులు రెండు. ఒకదాంట్లో అసలుది, రెండోదాంట్లో ప్లాస్టిక్ కవరు చుట్టిన నాపరాయి పలక. అసలుది ఆన్ చేసి చూపించడం, బేరం తెగ్గానే రాయిని అంటగట్టడం. రాయినేం తక్కువ చెయ్యలేదు. కాటామీద తూచి, అరగదీసి, గ్రాము తేడా లేకుండా చేశాడు. దొంగపనికైనా పనితనం ఉండాలి కదా! ఇక ఆ లాప్‌టాపే వాడి అన్నం గిన్నె. అది పోతే వీధిన పడ్డట్టే.

2009 వేసవిలో, పూర్ణా మార్కెట్ వెనక సందులో ఐదో బేరం తగిలింది. చేపలమ్మే పోతమ్మ. పక్కనే ఆమె చెల్లెలు నూకాలు, తన గంప ముందేసుకుని కూర్చుంది.

"మా పిల్ల ఆశకి బెంగుళూరులో ట్రైనింగంట బాబూ. రైల్లో మోసుకెల్లాల. తేలిగ్గుండాల, సవగ్గుండాల. ఉత్తరాలు రాసుకుంటే సాలు," అంది పోతమ్మ.

"అందుకే పుట్టింది పిన్నీ ఇది! పెద్దవి మూడేసి కేజీలు. అవి మోస్తే పిల్లకి గూనొచ్చేద్ది."

పోతమ్మ లాప్‌టాప్ మూత ఎత్తి, మొప్పలు చూసినట్టు చూసి, వాసన కూడా పట్టింది. తర్వాత అరచేతిలో ఆడించింది.

"కేజీ నూటేబై."

"కాటా లేకుండా ఎలా చెప్పావు పిన్నీ?" అన్నాడు ఎల్లాజీ. తన కాటా చెప్పిందీ అంతే.

"నాకు కాటా ఎందుకు? ముప్పయ్యేళ్లు సేపలు తూసిన సెయ్యి ఇది," అంది పోతమ్మ.

ఎనిమిది వేలన్న ధర నాలుగుకి దిగింది. రాయికి నాలుగు వేలంటే చేదా? డబ్బు తీసుకుని, సంచి మార్చి ఇచ్చాడు. పోతమ్మ దాన్నీ ఆడించి చూసింది.

"సరిగ్గా అంతే," అని సంచిని గంపలో పెట్టుకుంది. "ఓ సెయ్యెయ్యి బాబూ, గంప నెత్తికెత్తు."

గంప ఎత్తమంటే కాదనేవాడు ఆ మార్కెట్లో లేడు. దొంగైనా సరే. ఎల్లాజీ అసలుదున్న తన సంచి నూకాలు పక్కన దించి, రెండు చేతులా గంప లేపాడు. చేపల నీళ్లు కారి చొక్కా తడిసింది. అయినా వాడికి కోపం రాలేదు, జాలేసింది. పాపం, ఎంత వెర్రి మాలోకం!

సంచి భుజాన తగిలించుకుని పెందుర్తి బస్సెక్కాడు. అదే సంచి, అదే బరువు. అక్కడ ఆరో బేరం, తిరుమలరావు మాస్టారు, అరుగుమీద ఎదురుచూస్తున్నారు.

"ముందు ఆన్ చేసి చూపించవయ్యా," అన్నారాయన.

"తప్పకుండా మాస్టారూ! మీరు కళ్లారా చూశాకే బేరం," అంటూ ఎల్లాజీ దర్జాగా జిప్పు లాగాడు.

లోపల, పసుపు రాసి, మూడు కుంకుమబొట్లు పెట్టిన ప్లాస్టిక్ కవరులో, నెల కిందట జాలరిపేటలో తానే అమ్మిన నాపరాయి పలక ఉంది.