అమ్మ వెనకాల గోడ

“ఏసీ వేస్తే చాలు, బ్రేకర్ పడిపోయేది. పోయిన వారం నేనే దాన్ని పీకేసి పెద్దది బిగించా. ఇక చచ్చినా పడదు,” అన్నాడు హెబెర్తో అనే ఆ ఇంటాయన, గొప్పగా.

“మరి నన్నెందుకు పిలిచావు మహానుభావా?” అన్నాడు మెకానిక్ నేరియో.

“ఉండుండి ఆగిపోతోంది.”

నేరియో మీటరు పెట్టి చూశాడు. “ఏసీలో లోపమేం లేదు. దీనిదాకా కరెంటే సరిగా రావట్లేదు. తీగ ఎటునుంచి వస్తోంది?”

“అదిగో, అమ్మ వెనకాల గోడలోంచి.”

బయట మరకైబో నగరపు ఎండ మండిపోతోంది. గదిలో అతని తల్లి యుదోమీరా శాలువా కప్పుకుని, చినీతా మాత పటం కింద గోడకు వీపు ఆనించి కూర్చుంది.

“ఈ ఏసీ చలికి పట్టేసిన నా నడుముకి మాతే కాపడం పెడుతోంది నాయనా. ఈ చోటు ఎంత వెచ్చగా ఉంటుందో!”

నేరియో గొంతు మారింది. “ఎప్పట్నుంచమ్మా?”

“పోయిన వారం నుంచే.”

హెబెర్తో బ్రేకర్ బోర్డు వైపు పరుగెత్తాడు.

“గోడలో తీగ కాలుతోంది! అమ్మా, ముందు అక్కణ్ణుంచి లేవండి!” అని అరిచాడు నేరియో.

పటం కింది అంచు నల్లబడుతోంది.

ఆమె కళ్లు మూసుకునే నవ్వింది. “ఉండు నాయనా. ఇవాళ మాతకి నామీద దయ మరీ ఎక్కువైనట్టుంది.”