పది కంకులకు ఒకటి

ఒక పొలం గట్టు కింద ఎలుకలన్నీ పది వరి కంకులకు ఒకటి ఉమ్మడి కొట్టులో వేసేవి. వానలకు ముందు గట్టు పైకి దారి తవ్వే ఎలుకలకు అదే తిండి.

ఆ ఏడు పెద్దెలుక, "ఇకనుంచి పదికి మూడు వేయండి. కొట్టు ముంగిట నాకో మట్టి గద్దె కట్టిద్దాం," అంది.

"నేను ఒక్కటీ వేయను. నా కన్నం ఎత్తులో ఉంది, నాకు దారెందుకు?" అంది పందికొక్కు.

పల్లంలో కళ్ళు తెరవని పిల్లల్ని పెట్టుకున్న చుంచమ్మ లేచింది.

"పెద్దన్నా, నీళ్ళొస్తే నా పిల్లలు నీ గద్దె పట్టుకుని ఈదాలా? బావా, నీ కన్నం ఎత్తులోదే, వాకిలి మాత్రం మా పల్లంలోనే ఉంది. పదికి ఒకటి చాలు. అది దారికే పోవాలి."

"ఇంతకీ నువ్వు ఎవరి వైపు?" అన్నాయి రెండూ.

"పిల్లల వైపు."

మిగతావన్నీ చుంచమ్మ మాటకే తలూపాయి. దారి తవ్వాయి.

వాన పడింది. పల్లం మునిగింది. చుంచమ్మ పిల్లల్ని ఒక్కొక్కటిగా నోట కరుచుకుని గట్టెక్కించింది. చివర్లో పెద్దెలుక, పందికొక్కు ఒకదాన్నొకటి తోసుకుంటూ పైకొచ్చాయి.

"దారి మరీ ఇరుగ్గా ఉంది," అని సణిగింది పందికొక్కు.

"పదికి ఒకటితో ఇంతే వస్తుంది. ఇక మీరే కాస్త ఒళ్ళు తగ్గించుకోండి," అంది చుంచమ్మ.