మిల్లు మలుపులో అడవి పంది

రొట్టె మళ్ళీ బోర్లా ఉంది.

అర్మాన్ దాన్ని తిప్పి సరిగ్గా పెట్టాడు. బల్ల మీద రొట్టె బోర్లా ఉంటే ఇంటికి కీడని వాళ్ళమ్మ అనేది. ఈ మధ్య రోజూ తిప్పాల్సి వస్తోంది.

"నీదంతా చాదస్తం," అంది సోలాంజ్ పొయ్యి దగ్గర్నుంచి. "ఎటు పెడితే ఏం? పోయేది పొట్టలోకేగా."

"పెళ్ళయినప్పట్నుంచీ సరిగ్గానే పెట్టావు కదా."

"పెళ్ళయినప్పట్నుంచీ నువ్వూ సైకిలు మీంచి పడలేదు."

రొట్టె గొడవ అక్కడితో ఆగింది. నెల రోజులుగా ఆ ఇంట్లో ఏ గొడవైనా సైకిలు దగ్గరికే వచ్చి ఆగుతోంది.

నెల కిందట ఒక శనివారం పొద్దున అర్మాన్ మిల్లు మలుపు దగ్గర రోడ్డు పక్క గుంటలో పడ్డాడు. భుజం దగ్గర ఎముక విరిగింది. పాలబండి నడిపేవాడు చూసి లేవదీసే సమయానికి సోలాంజ్ సంతలో మేకపాల చీజ్ అమ్ముకుంటోంది. ఎలా పడ్డావని ఎవరడిగినా ఆయనది ఒకటే మాట. అడవి పంది అడ్డొచ్చింది.

ఆ దారి ఆయనకు ప్రాణం. వాగు పక్కన మిల్లు, చెస్ట్‌నట్ చెట్ల కింద ఎత్తు, పాత చర్చి దాటాక పల్లం. గంటసేపు తొక్కినా ఎదురయ్యేది ఒక ట్రాక్టరో, గడ్డిలో నిలబడ్డ ఎర్ర ఆవో. ఎక్కడెక్కడి నుంచో సైకిళ్ళ మీద వచ్చేవాళ్ళు దారి తప్పకూడదని కూడళ్ళలో రాళ్ళ మీద పసుపు బాణాలు గీసింది ఆయనే. ఏటా చలి తగ్గగానే వాటికి మళ్ళీ రంగు వేసేదీ ఆయనే. ఆ దారిలో ఆయన ఈల వేస్తూ వెళతాడని ఊరంతా చెబుతుంది. ఇంట్లో ఆ ఈల ఎవరూ వినలేదు.

చేతికట్టు మొన్న విప్పారు. ఇక సైకిలు ఎక్కేస్తాడేమోనని ఈ ఆదివారం భోజనానికి కూతురు మిరెయ్, అల్లుడు తియెరి పెద్ద వ్యాను వేసుకుని మరీ వచ్చారు. వ్యాను ఎందుకో అర్మాన్‌కి చెప్పనక్కర్లేకపోయింది.

ఆవపిండి వేసి వండిన కుందేలు కూర వడ్డన అయ్యేదాకా ఎవరూ ఆ మాట ఎత్తలేదు. ముందు తియెరి గొంతు సవరించుకున్నాడు. అతను ఊరి వేటగాళ్ళ జట్టులో మనిషి.

"తప్పుగా అనుకోకండి మావయ్యా. మర్నాడే నేను వెళ్ళి చూసొచ్చాను. గట్టు మీద గిట్ట గుర్తు ఒక్కటి లేదు. ఎక్కడా నేల తవ్విన జాడ లేదు. పంది కథ ఇంకెవరికైనా చెప్పండి."

అర్మాన్ కూరలో ముల్లుగరిటె ఆడించాడు.

డాక్టరు గుండె చూశాడు, రక్తం చూశాడు, కళ్ళయితే పాతికేళ్ళవాడి కళ్ళన్నాడు. మరి మిగిలింది కాళ్ళేనని మిరెయ్ అంది. కాళ్ళలో పట్టు తగ్గింది, తూలి పడ్డావు, ఒప్పుకోవడానికి నామోషీ ఎందుకు నాన్నా అని బతిమాలింది.

ఆయన భార్య వైపు చూశాడు. సోలాంజ్ ఆయన గ్లాసులో వైన్ పోస్తోంది. గ్లాసు నిండి, వైన్ పొంగి, బల్లగుడ్డ మీద ఎర్రగా పరుచుకుంది.

"చెయ్యి తగిలించావు చూడు," అంది.

ఆయన చెయ్యి ఒళ్ళోనే ఉంది. మరక మీద రుమాలు కప్పాడు.

"ఒప్పుకోడమ్మా మీ నాన్న," అంది సోలాంజ్ కూర్చుంటూ. "పైగా కట్టు కట్టించుకున్న దగ్గర్నుంచీ ప్రతి సంతకీ కార్లో నా పక్కన ఎక్కి కూర్చుంటున్నాడు. మలుపట, ట్రాక్టరట, కుడివైపు నుంచి బండి వస్తోందట. ఆ రోడ్డు మీద పుట్టి పెరిగినదాన్ని నేను. నాకు దారి చెప్పేది ఈయనగారు."

అందరూ నవ్వారు. అర్మాన్ కూడా నవ్వాడు.

నవ్వు ఆగాక ఆమె గొంతు మారింది.

"అదే పొద్దున అదే రోడ్డు మీద వెళ్ళాను అర్మాన్. కాస్త ముందో వెనకో అయితే నేనే చూసేదాన్ని. అలా గుంటలో పడున్నావని తలుచుకుంటే నాకు నిద్ర పట్టడం లేదు. ఇంకోసారి నా వల్ల కాదు."

అర్మాన్ రొట్టె అందుకుని అందరికీ ముక్కలు కోసి పెట్టాడు. మిగిలిన దాన్ని జాగ్రత్తగా, సరిగ్గా తిప్పి పెట్టాడు. కిటికీలోంచి షెడ్డు గోడకి ఆనించిన సైకిలు కనబడుతోంది.

"తీసుకుపో తియెరీ," అన్నాడు. "ఇవాళే. గాలి పంపు కూడా అక్కడే మేకుకి వేలాడుతోంది."

మిరెయ్ లేచి తండ్రి బుగ్గ మీద ముద్దు పెట్టింది. ఇంత తేలిగ్గా ఒప్పుకుంటాడని ఆమె అనుకోలేదు.

"కానీ ఒకటి. ఇకనుంచి కారు నేను నడుపుతాను. సంతకైనా, చర్చికైనా, ఎక్కడికైనా సరే. సైకిలూ లేక, కారూ లేక నేను పొద్దంతా ఏం చెయ్యను?"

సోలాంజ్ కాసేపు ముఖం ముడుచుకుంది. తర్వాత ఏప్రాన్ జేబులోంచి తాళాలు తీసి ఆయన వైపు తోసింది.

"నడుపుకో మహానుభావా. నాలుగు చక్రాలైతే పడిపోవులే."

అర్మాన్ తాళాలను గుప్పిట్లో పెట్టుకున్నాడు.

నెల కిందటి ఆ శనివారం మిల్లు మలుపులో ఎదురొస్తున్నది తమ కారేనని గుర్తుపట్టి ఆయన నవ్వుతూ చెయ్యెత్తినప్పుడు, స్టీరింగు వెనక నుంచి సోలాంజ్ సూటిగా ఆయన ముఖంలోకే చూస్తూ కారును నేరుగా మీదికి తెచ్చింది, ఆయన ఆమెకు కనబడనే లేదు.